కఫీల్ అనే మాటకు రెండు అర్థాలు

కువైట్‌లో దిగిన తెలుగువాడు అరబ్బీలో తొలుత నేర్చుకునే నాలుగైదు మాటల్లో 'కఫీల్' ఒకటి. అకామా, అంటే నివాస అనుమతి, ఎవరి పేరు మీద నిలుస్తుందో, చోటు మారాలంటే ఎవరు రిలీజ్ ఇవ్వాలో, ఎవరికి కోపం వస్తే మనిషి రాత్రికి రాత్రి 'ఖల్లివల్లి', అంటే కాగితాలు లేనివాడు, అయిపోతాడో ఆయనే కఫీల్. నేను మాత్రం ఈ మాటను విమానం ఎక్కడానికి చాలా ఏళ్ల ముందే విన్నాను. మదరసాలో హనఫీ ఫిఖహ్, అంటే ఇమామ్ అబూ హనీఫా పద్ధతిలోని ఇస్లామీ ధర్మశాస్త్రం, చదివిన మూడేళ్లలో కఫాలా అనే అధ్యాయం మాకు పాఠంగా ఉండేది. అక్కడ కఫీల్ అంటే హామీదారు. ఇంకొకరి బాకీకి తానూ బాధ్యుడినని ముందుకు వచ్చి, అప్పు తీసుకున్నవాడు తీర్చలేకపోతే అప్పిచ్చినవాడు తన తలుపు తట్టడానికి ఒప్పుకున్నవాడు. పుస్తకంలోని కఫీల్ భారం తన మీద వేసుకుంటాడు. ఇక్కడి కఫీల్‌ను చూశాక ఆ పాఠం చెప్పిన ఉస్తాదును మళ్లీ ఒకసారి కలిసి అడగాలనిపించింది కాని, అప్పటికే ఆయన లేరు.

నేను ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో టైమ్‌కీపర్‌ని. తెల్లవారుజామున క్యాంపు ముందు బస్సు ఎక్కేవాళ్ల తలలు లెక్కపెట్టడం, సైటులో హాజరు వేయడం, ఓవర్‌టైం గంటలు కూడి నెలాఖరుకు షీట్లు ఆఫీసుకు పంపడం నా పని. మూడేళ్ల మదరసా చదువు సంగతి ఎలాగో బయటపడిపోవడంతో క్యాంపులో నాకు 'మౌల్వీ సాబ్' అన్న పేరు స్థిరపడింది. ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదని ఎన్నిసార్లు చెప్పినా, రాత్రి భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఒక మసలా (ధర్మసందేహం) పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చేవారు.

వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు చిన్నవే. ఉదాహరణకు అసర్ (మధ్యాహ్నం దాటాక చేసే) నమాజు వేళ. వస్తువు నీడ దాని పొడవుకు రెండింతలు అయినప్పుడు అసర్ మొదలవుతుందని మేము ఊళ్లో నేర్చుకున్నాం. కువైట్‌లో నీడ ఒక్కింత కాగానే అజాన్ ఇస్తారు, సైటులో విరామం కూడా అప్పుడే ఇస్తారు. 'భాయ్, ఇది చెల్లుతుందా?' అని కడప వైపు కుర్రవాడొకడు పాపం నిజంగానే బెంగపడ్డాడు. ఇమామ్ అబూ హనీఫా శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరూ ఒక్కింత నీడే చాలన్నారని, వాళ్లూ మన మజహబ్‌లోని (ధర్మశాస్త్ర సంప్రదాయంలోని) వాళ్లేనని చెప్పాక అతను జమాత్‌తో కలిసి నిలబడ్డాడు. మేస్త్రీలకు నచ్చని ప్రశ్న ఇంకొకటి ఉండేది. విధిగా చేయాల్సిన ఫర్జ్ నమాజుకు పట్టే సమయాన్ని కూలి ఒప్పందంలోంచి మినహాయించినట్టే లెక్కించాలని ఫిఖహ్ చెబుతుంది, కాబట్టి దానికి జీతం కోయకూడదు. ఐచ్ఛికమైన నఫిల్ నమాజులకు మాత్రం పనివేళలో యజమాని అనుమతి కావాలి. ఈ రెండో సగం చెప్పినప్పుడల్లా నేను యాజమాన్యం మనిషిననే అనుమానం కొందరి ముఖాల్లో కనిపించేది.

రంజాన్ నెలలో పని వారానికి 36 గంటలకు మించకూడదని ఇక్కడి కార్మిక చట్టం అంటుంది. సౌదీ చట్టం ఈ తగ్గింపును ముస్లింలకే ఇస్తే, కువైట్ చట్టం అందరికీ ఇచ్చింది. రోజా (ఉపవాసం) ఉన్నవాళ్లు పరంజా మీద నిలబడి ఇనుము కట్టవలసి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఆ నెల పొడవునా వినిపించే ప్రశ్న. తెల్లవారకముందే తినే సహరీ వేళ రోజా సంకల్పంతోనే మొదలుపెట్టాలని, ప్రాణం మీదికి వచ్చేంత కష్టమనిపిస్తే విరమించవచ్చని, దానికి బదులు తర్వాత ఒక రోజు ఉండాలని పెద్దలు రాసినదాన్నే నేను చెప్పేవాణ్ని. ఆ నెలలో పగలు బహిరంగంగా తినడం, తాగడం కువైట్‌లో 1968 నాటి చట్టం ప్రకారం నేరం. అందుకని మా సైటులో ఒక పోర్టా క్యాబిన్‌కు కర్టెన్లు కట్టి, హిందూ, క్రైస్తవ సోదరులు మధ్యాహ్నం అక్కడ అన్నం తినేలా ఏర్పాటు చేశాం. దాని తాళంచెవి నెలంతా నా జేబులోనే ఉండేది.

అసలు బరువైన ప్రశ్నలు కూలి చుట్టూ తిరిగేవి. చెమట ఆరకముందే కూలివాడికి కూలి ఇచ్చేయమన్న హదీసు (ప్రవక్త వచనం) మా క్యాంపులో రానివాడు లేడు, ఇబ్ను మాజా సంకలనంలో ఉన్నదది. బుఖారీ సంకలనంలో ఇంతకంటే కఠినమైనది ఒకటుంది: మనిషిని కూలికి పెట్టుకుని పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రత్యర్థిగా నిలుస్తానని అల్లాహ్ అన్నట్టు దైవప్రవక్త (స) చెప్పారు. ఇవి వినగానే ఎవరి కళ్లయినా చెమ్మగిల్లుతాయి. అయితే నెల జీతం రానివాడికి హదీసుకన్నా ఫిఖహ్‌లోని పొడి వాక్యాలే ఎక్కువ పనికొస్తాయని నాకు నెమ్మదిగా అర్థమైంది. ఇజారా, అంటే మనిషి శ్రమను అద్దెకు తీసుకునే ఒప్పందం, చెల్లాలంటే కూలి ఎంతో, పని ఏమిటో, గడువు ఎంతో ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి. తెలియకపోతే ఒప్పందం ఫాసిద్, అంటే లోపభూయిష్టం అవుతుంది. ఊళ్లో ఏజెంటు దగ్గర ఎలక్ట్రీషియన్ అని సంతకం పెట్టి, ఇక్కడ దిగాక అరబ్బీలో అచ్చయిన ఇంకో కాగితం మీద తక్కువ జీతానికి హెల్పర్ అని సంతకం పెట్టినవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను. ఫిఖహ్ కొలతతో కొలిస్తే ఆ రెండో కాగితం నిలవదు. అలాంటి ఒప్పందంలో పని చేసినవాడికి కూడా ఆ పనికి ఆ ప్రాంతంలో వచ్చే కూలి, దాన్నే అజ్రుల్ మిస్ల్ అంటారు, రావాలని ఫిఖహ్ పండితులు తీర్మానించారు. ఒప్పందం తప్పు కాబట్టి కూలీ లేదు పొమ్మనడానికి వాళ్లు దారి ఉంచలేదు.

ఇక 'ఆజాద్ వీసా' సంగతి. పేరుకు కఫీల్ ఒకడు ఉంటాడు, అతని దగ్గర పని ఉండదు. మనిషి బయట దొరికిన పని చేసుకుని, తన పేరు వాడుకున్నందుకు కఫీల్‌కు ఏటా ఇంత అని ముట్టజెప్పుకోవాలి. వలస కూలీలు ఉండే హసావీ గల్లీల్లో ఈ బేరం కూరగాయల బేరమంత మామూలుగా సాగేది. చట్టం దీన్ని ఒప్పుకోదు, అది అందరికీ తెలుసు. ఫిఖహ్ కూడా ఒప్పుకోదన్నది తెలిసినవాళ్లు తక్కువ. హామీ అనేది ఉపకారం, ఉపకారానికి రుసుము తీసుకోకూడదని నాలుగు మజహబ్‌ల పండితుల్లో అత్యధికులు చెప్పారు. 1985 డిసెంబరులో జెడ్డాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ బ్యాంకుల హామీ పత్రాల విషయంలోనూ ఇదే తీర్పు చెప్పింది. కాగితాలకు నిజంగా అయిన ఖర్చు తీసుకోవచ్చు, హామీ ఇచ్చినందుకు మాత్రం రుసుము కూడదు. రుసుము కోసం మంత్రాంగం నడిపే ఒక మందూబ్‌తో (కంపెనీల తరఫున ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసేవాడు) టీ తాగుతూ నేను ఈ మాట అంటే, ఆయన చాలాసేపు నవ్వి, 'మౌల్వీ సాబ్, నువ్వు చెప్పేది అప్పుకు ఇచ్చే హామీ గురించి, ఇది ప్రభుత్వానికి ఇచ్చే హామీ' అన్నాడు. మాట బాగానే తిప్పాడు. ప్రభుత్వానికి హామీ ఇచ్చినవాడు కార్మికుడి దగ్గర ఎందుకు వసూలు చేస్తాడో మాత్రం చెప్పలేదు. పాస్‌పోర్టు అట్టిపెట్టుకోవడానికి కూడా ఇలాంటి తిరగేసిన తర్కమే వినిపిస్తుంది. కుదువ పెట్టుకోవడం, అంటే రహన్, చెల్లాలంటే అప్పు ఉండాలి, కుదువ పెట్టిన వస్తువుకు అమ్మకపు విలువ ఉండాలి. పాస్‌పోర్టును ఎవడు కొంటాడు?

శూన్‌లో (కార్మిక శాఖ ఆఫీసును మేమంతా అలాగే అంటాం) ఫిర్యాదు వేస్తే అక్కడి అధికారి ఫిఖహ్ గ్రంథం తెరవడు, 2010 నాటి 6వ నంబరు చట్టం తెరుస్తాడు. షరీయత్ చట్టాలకు ఒక ప్రధాన మూలమని 1962 నాటి రాజ్యాంగం రెండో అధికరణంలో ఉంది. 1980లో సివిల్ కోడ్ వచ్చేదాకా ఇక్కడ లావాదేవీలకు ఉస్మానియా (ఒట్టోమన్) సామ్రాజ్యం కూర్చిన 'మజల్లా' అమల్లో ఉండేది. ఆ గ్రంథం మన హనఫీ ఫిఖహ్‌నే అంకెలు వేసి కూర్చినది. ఇప్పటి చట్టంలో ఆ వాసన కొన్నిచోట్ల నేరుగానే తగులుతుంది. రెండేళ్లు వరుసగా పనిచేసి, ఇంతకుముందు హజ్ చేయనివాడికి 21 రోజుల జీతంతో సెలవు వస్తుంది. భర్త పోయిన ముస్లిం స్త్రీకి వేచి ఉండవలసిన ఇద్దత్ కాలమైన నాలుగు నెలల పది రోజులూ పూర్తి జీతం వస్తుంది. మా ఆఫీసులో టీ ఇచ్చే ఆవిడకు ఇది వర్తిస్తుందని హెచ్‌ఆర్ మనిషికి చట్టంలో పేజీ తీసి చూపించవలసి వచ్చింది. ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లు ఈ చట్టం గీత బయట ఉండేవారు. 'మీ సేవకులు మీ సోదరులే, శక్తికి మించిన పని పెట్టకండి' అన్న ప్రవక్త (స) మాట జుమా ఖుత్బాలో (శుక్రవారం ప్రసంగంలో) వినిపించే దేశంలో, వాళ్లకు వారానికో సెలవు, రోజుకు 12 గంటల హద్దు కాగితం మీదికి ఎక్కడానికి 2015 దాకా పట్టింది.

మజల్లాలో 425వ అధికరణం ఒకటుంది. ఒకరి దగ్గరే కుదిరిన పనివాడు పనికి సిద్ధంగా హాజరై ఉంటే చాలు, యజమాని పని చూపించకపోయినా కూలి ఇవ్వవలసిందే, పనివాడు తానుగా మానుకుంటే మాత్రం రాదు. ఈ వాక్యం నాకు పరీక్షకోసం కంఠతా వచ్చు. ఒక ఏడాది డ్రాయింగులకు అనుమతి రాక మా సైటు ఇరవై రెండు రోజులు ఆగిపోయింది. మనుషులు రోజూ బస్సెక్కి వచ్చారు, నీడలో కూర్చున్నారు, సాయంత్రం బస్సెక్కి వెళ్లారు. నెలాఖరుకు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, ఆ రోజులన్నిటికీ గైర్హాజరు వేయమని. వేశాను. ఊళ్లో ఇంటి గోడలు లింటెల్ దాకా లేచి ఉన్నాయి, అకామా రెన్యువల్ ఆ నెలలోనే ఉంది. ఇవి సాకులని అప్పుడూ తెలుసు.

ఖురాన్‌లోకెల్లా పొడవైన ఆయత్ (వాక్యం) రెండో సూరాలో (అధ్యాయంలో) 282వది. అందులో స్వర్గం గురించీ నరకం గురించీ ఉండదు, బాకీలు రాసుకోవడం గురించి ఉంటుంది. మీ మధ్య రాసేవాడు న్యాయంగా రాయాలి, అల్లాహ్ తనకు నేర్పినట్టు రాయడానికి నిరాకరించకూడదు అంటుంది. ఆ తర్వాతి ఆయత్ సాక్ష్యాన్ని దాచవద్దంటుంది, దాచినవాడి హృదయం పాపిష్టిదంటుంది. చిన్నప్పుడు ఇవి వ్యాపారుల కోసం వచ్చిన ఆయత్‌లని అనుకునేవాణ్ని.

నలుగురు శూన్‌లో ఫిర్యాదు వేశారు. వాళ్లలో ఇద్దరు తెలుగువాళ్లు, ఒకతను రాజంపేట వైపు. 'అన్నా, నువ్వు బస్సు దగ్గర తలలు లెక్కపెట్టి రాసుకునే పుస్తకం ఉంది గదా' అన్నాడే తప్ప ఇమ్మని అడగలేదు. రెండు రాత్రులు ఆలోచించి, ఆ ఇరవై రెండు రోజుల పేజీలు ఫోటోకాపీ తీసి ఇచ్చాను. విచారణ రోజున నన్నూ పిలిచారు. అధికారి బల్ల మీద ఒక పక్క కంపెనీ దాఖలు చేసిన హాజరు షీట్లు, ఇంకో పక్క నా పుస్తకం పేజీలు ఉన్నాయి. రెండింటి అడుగునా ఒకటే సంతకం. ఏది నిజమని ఆయన అడిగాడు. పుస్తకం అన్నాను. 'మరి ఇవి ఎవరు రాశారు?' అని షీట్ల మీద వేలు పెట్టాడు.

నేనే అన్నాను.