పెన్సిలుతో రాసిన వయసు

దత్తత కాగితాల్లో మేము మొదట రాసిన వయసు ‘0–2’. డాలస్ దగ్గర మా ఇంట్లో, హోమ్ స్టడీకి, అంటే దత్తతకు మా ఇల్లూ మేమూ తగినవాళ్లమో కాదో చూడడానికి, వచ్చిన సోషల్ వర్కర్ వంటింటి బల్ల ముందు కూర్చుని, ‘రెండేళ్లలోపే ఎందుకు?’ అని అడిగింది. మా ఆయనా నేనూ మొహాలు చూసుకున్నాం. ‘చిన్నపిల్లయితే త్వరగా అలవాటవుతుంది’ అన్నాను.

అప్పటికి మా ఇద్దరి వయసులు కలిపితే 84. భారతదేశంలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ 2022 నిబంధనల ప్రకారం రెండేళ్లలోపు బిడ్డకు దంపతుల మొత్తం వయసు 85 దాటకూడదు. ఆ హద్దుకు ఇవతలే ఉన్నామన్న తొందరలో ఉయ్యాల కూడా కొనేశాం. ఏడాదిన్నర తర్వాత చూస్తే, మడత పెట్టని బట్టలన్నీ అందులోనే ఉన్నాయి.

ఒక రాత్రి ఆ నిబంధనలే మళ్లీ చదువుతున్నాను. ఐదేళ్లు దాటిన బిడ్డయితే దత్తతకు ఆ బిడ్డ సమ్మతి కూడా తీసుకోవాలట. అంటే ఆ పిల్ల మమ్మల్ని వద్దనవచ్చు! ముందు గుండె జారింది. కాసేపటికి, ఎందుకో, ఊరటగా అనిపించింది.

రాజమండ్రి నుంచి అత్తయ్య ఫోనులో గొణిగారు: ‘ఊహ తెలిసిన పిల్లకు పాత మనుషులు గుర్తుంటారు కదమ్మా.’

‘గుర్తుండనివ్వండి అత్తయ్యా’ అన్నాను. ‘అలవాటవుతుంది’ అని నేను సోషల్ వర్కర్‌తో అన్నదానికి అసలు అర్థం ‘మరిచిపోతుంది’ అని అప్పుడు తెలిసింది.

వయసు మార్చడానికి ఒక ఈమెయిలు చాలని ఏజెన్సీలో ఒకామె చెప్పింది. చాలలేదు. విదేశీ బిడ్డను దత్తత తీసుకోవడానికి అమెరికా ప్రభుత్వం మాకిచ్చిన ఐ-800ఎ అనుమతిలో బిడ్డ వయసు కూడా ఉంటుంది. అది మారాలంటే హోమ్ స్టడీని సవరించాలి, సప్లిమెంట్ 3 అనే అనుబంధ ఫారం పంపాలి. పెద్ద పిల్లల పెంపకంపై మళ్లీ తరగతులు. మా ఆయన ఫారంలో ‘4–7’ అని ముందు పెన్సిలుతో రాసి, రెండు రోజులు బల్లమీదే ఉంచి, ఆపైన పెన్నుతో దిద్దారు. ఆయనంతే, కరెంటు బిల్లుకైనా అదే పద్ధతి.

మహారాష్ట్ర నుంచి ఒక పాప నివేదిక వచ్చింది. ఐదేళ్ల ఎనిమిది నెలలు. పెరుగు ముట్టదు, తలుపు వైపు తిరిగి పడుకుంటుంది. నిరభ్యంతర పత్రం ఇంకా రావలసే ఉంది, తర్వాత జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు. ఈలోగా మేమిద్దరం మరాఠీ నేర్చుకుంటున్నాం. ‘మలా భూక్ లాగలీ’, నాకు ఆకలేస్తోంది. ఆ పిల్ల నోటి నుంచి ముందుగా వినబోయేది అదేనని ఎదురుచూశాం.

మొన్న వీడియో కాల్‌లో పాప మమ్మల్ని తేరిపార చూసి, ‘తుమ్‌చ్యాకడే కుత్రా ఆహే కా?’ అంది. మీ ఇంట్లో కుక్క ఉందా అని.

‘నాహీ’ అన్నారు మా ఆయన, తప్పు చేసినవాడిలా.

కాసేపు ఆలోచించింది.

‘మాంజర్?’

పిల్లి కూడా లేదు.