ఫీజు కాగితంలో రాయని ఖర్చు

"ట్యూషన్ ఫీజు సరే, ఇవన్నీ ఏంటి?" అంటూ పక్క సీటు అక్క కాగితం తిప్పి చూపించింది. ల్యాబ్, టీకాలు, యూనిఫాం, ఇన్సూరెన్స్...

హెల్త్ స్టడీస్ డిగ్రీ మొదటి క్లాసు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు, పిల్లల్ని బడిలో దింపి వచ్చినవాళ్లు. అబ్బాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆశ్చర్యమేముంది లెండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఈ రంగంలో పనిచేసేవాళ్లలో దాదాపు 67 శాతం ఆడవాళ్లే. పెద్ద పదవుల్లో మాత్రం పాతిక శాతం!

నాకు అసలు టెన్షన్ ఫీల్డ్ ప్లేస్‌మెంట్‌తోనే, అంటే కోర్సులో భాగంగా కొన్ని వారాలు బయట చేయాల్సిన ప్రాక్టికల్ ట్రైనింగ్‌తో. జీతం ఉండదు, రానుపోను ఖర్చు మనదే. ఆ వారాల్లో డ్యూటీ మానేస్తే పోయే జీతాన్ని ఏ ఫీజు కాగితంలోనూ చూపించరు.

చదువుని పార్ట్‌టైమ్‌కి మార్చుకుంటే టర్మ్ ఫీజు తగ్గుతుంది, నిజమే. కానీ కోర్సు ఎంత సాగితే మంచి ఉద్యోగం కూడా అంత వెనక్కి జరుగుతుంది.