ముల్లు చూపించేది ఇంజిన్ వేడినేనా?

చిన్న విమానాలు మరమ్మతు చేసే హ్యాంగర్‌లో పనికి అమెరికా వచ్చిన కొత్తలో, నేను ముందుగా అలవాటు చేసుకోవలసి వచ్చింది ఫారెన్‌హీట్ లెక్క. చిన్న విమానాల్లో వాడే చాలా లైకామింగ్ కంపెనీ ఇంజిన్లకు సిలిండర్ హెడ్ (సిలిండర్ పై మూత భాగం) ఉష్ణోగ్రత 500 డిగ్రీలు దాటకూడదంటారు. దాన్ని 260 సెల్సియస్‌గా మార్చుకుంటే తప్ప ఆ వేడి నా ఊహకు అందేది కాదు.

ఉష్ణోగ్రత చూపే గేజి తేడాగా ఉందని యజమాని విమానం తీసుకురాగానే, గేజి మార్చేద్దామన్న మాట తొందరగా వస్తుంది. ఆ మాటకు నేను ఒప్పుకోను. ఒక విమానంలో ల్యాండింగ్ లైటు వేసిన మరుక్షణమే ఆయిల్ ఉష్ణోగ్రత ముల్లు పైకి లేచేది. ఆయిల్ అంత త్వరగా వేడెక్కదు కాబట్టి లోపం విద్యుత్తులోనే ఉండాలి. ఒంటి తీగ సెన్సార్ తన సర్క్యూట్‌ను ఇంజిన్ లోహం ద్వారానే పూర్తిచేసుకుంటుంది; ఎర్త్ కలిసే చోట తుప్పు పడితే, లైటు తీసుకునే కరెంటు వల్ల అక్కడ ఏర్పడే చిన్న వోల్టేజీ తేడా గేజి రీడింగులో కలిసిపోతుంది. లైటు వెలుగుతుండగా బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిన్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టి చూపించాను. నా యాస సరిగా అర్థంకాని సీనియర్ మెకానిక్‌కు కూడా మీటరు మీది అంకె వెంటనే అర్థమైంది. కొత్త దేశంలో నా మాటకు విలువ అలాంటి కొలతల వల్లనే వచ్చిందని నమ్ముతాను.

ఎక్కువ చూపే గేజి కంటే తక్కువ చూపే గేజి అంటేనే నాకు భయం, ఎందుకంటే దాన్ని చూసి పైలట్ నిశ్చింతగా ఉంటాడు. సిలిండర్ హెడ్ వేడిని కొలవడానికి వాడే థర్మోకపుల్ అంటే రెండు వేర్వేరు లోహాల తీగలను కలిపి, వేడిని బట్టి చిన్న వోల్టేజీ ఇచ్చేలా చేసిన సెన్సార్; జె రకంలో ఒక తీగ ఇనుము, రెండోది కాన్‌స్టాంటన్ అనే రాగి-నికెల్ మిశ్రమం. అది డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 50 మైక్రోవోల్టులే ఇస్తుంది. తీగలు చాలలేదని ఎవరైనా రెండింటినీ మామూలు రాగి తీగలతో పొడిగిస్తే, అతుకుకూ గేజికీ మధ్య ఉన్న వేడి తేడా లెక్కలోకి రాదు; ఆ అతుకు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద, గేజి వెనుక భాగం 25 వద్ద ఉన్నప్పుడు రీడింగు దాదాపు 35 డిగ్రీలు తగ్గిపోతుంది. తీగ వెంట అయస్కాంతం జరుపుతూ వెళితే ఇనుప తీగకు అంటుకుంటుంది, రాగి మొదలైన చోట వదిలేస్తుంది. బిగుతుగా చుట్టిన కట్టలో దాగిన అతుకును కూడా ఇలా పట్టుకోవచ్చు.

ఒక్క సిలిండరే వేడిగా కనిపిస్తే, దాని ప్రోబును (సిలిండర్‌లో బిగించే ఉష్ణోగ్రత సెన్సార్‌ను) పక్క సిలిండర్ ప్రోబుతో మార్చి మళ్లీ ఇంజిన్ నడపాలి. ఎక్కువ రీడింగు ప్రోబుతో పాటు పక్క సిలిండర్‌కు వెళ్లిందంటే ప్రోబుదే లోపం. రీడింగు పాత చోటే నిలిస్తే, తీగలూ కనెక్టర్లూ సరిగా ఉన్నాయని చూసుకున్నాక ఇంజిన్‌నే అనుమానించాలి: సిలిండర్ల మీదికి గాలిని మళ్లించే రేకులు, వాటి అంచుల రబ్బరు సీళ్లు, ఆపైన ఆ సిలిండర్‌కు అందుతున్న ఇంధనం.