మే నెలలో కొత్తిమీర కోసం కట్టుకున్న గది

ఏప్రిల్ సగం దాటిందంటే అనంతపురం మార్కెట్లో కొత్తిమీర కట్టను పట్టుకుంటే బొటనవేలు, చూపుడువేలు కలిసిపోతాయి. అంత సన్నం. విప్పి చూస్తే సగం పసుపు ఆకులు, మిగతాది పూతకొచ్చిన కాడలు. మాది కర్రీ పాయింట్. రసం దించే ముందు గుప్పెడు కొత్తిమీర వేయకపోతే రోజూ వచ్చేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. "అక్కా, ఈరోజు రసం ఏందో మాదిరి ఉంది" అని మొహం మీదే అంటారు. పోయిన వేసవిలో ఆ మాట నాలుగుసార్లు విన్నాక, కనీసం రసానికైనా నా కొత్తిమీర నేనే పండించుకోవాలని పట్టు పట్టాను.

ఆరుబయట ప్రయత్నించి చూశాను. కుండీలకు గ్రీన్ నెట్ కట్టాను, పొద్దున, సాయంత్రం నీళ్లు పెట్టాను. మొలిచిన నాలుగు మొక్కలు కూడా వేలెడు ఎత్తు రాకముందే పూతకొచ్చాయి. కొత్తిమీరకు చల్లదనం కావాలి. ఎండ ముదిరి పగళ్లు పొడుగైతే ఆకు వేయడం మానేసి పూతకు దిగుతుంది. మా ఊర్లో మే నెలలో 40 డిగ్రీలు మామూలే కాబట్టి దాని తప్పేమీ లేదు.

మా తమ్ముడు బెంగళూరులో బాల్కనీలో టెంటు పెట్టుకుని, అందులో లైట్ల వెలుతురులో ఆకుకూరలు పెంచుతాడు. బయట నల్ల గుడ్డ, లోపల అద్దంలా మెరిసే పొర, జిప్పు తలుపు. "నువ్వూ ఒకటి కొనుక్కో అక్కా" అన్నాడు. కొనే ముందు వాడి టెంటునే పది రోజులు తెచ్చి మా స్టోర్ రూములో నిలబెట్టాను. మధ్యాహ్నం రెండు గంటలకు లైట్లు వేయకుండానే లోపల థర్మామీటర్ 37 చూపించింది, గదిలో ఎంతుందో అంతే. లైట్లు వేసిన గంటలో 41కి ఎక్కింది. టెంటులో లోపం లేదు. దాని గుడ్డ వెలుతురును ఆపుతుంది గానీ వేడిని ఆపలేదు. బెంగళూరు గాలికి అది సరిపోతుంది. ఇక్కడ గోడ కావాలి.

ఆ మాట మా అత్తమ్మతో అంటే ఆమె వెంటనే ఊర్లో పాత మట్టి మిద్దె సంగతి ఎత్తుకుంది. మూరెడు మందం రాతిగోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద మందంగా మట్టి, ఆ పైన చౌడు. మిద్దె నడుమ గవాక్షి, అంటే గాలి, వెలుతురు కోసం పైకప్పులో వదిలిన రంధ్రం. "ఎండ పూట తలుపులు మూసేస్తాం. పొద్దు గూకినాక అన్నీ తెరుస్తాం. తెల్లారేలోపు ఇల్లు చల్లగా అయిపోతాది. మళ్లా మూసేస్తాం. అంతేనమ్మా" అంది. నేను నెల రోజులుగా ఫోన్‌లో వెతుకుతున్నదానికి ఆమె చెప్పింది సరిగ్గా సరిపోయింది. మొక్కలకు పగలు, రాత్రి ఎప్పుడన్నది మన చేతిలో పని. రాత్రి లైట్లు వేస్తే అదే వాటికి పగలు. లైట్ల వేడిని రాత్రి చల్లగాలితో బయటికి తోసేసి, పగలంతా గదిని మూసి చీకట్లో ఉంచితే చాలు.

స్టోర్ రూము ఉత్తరం వైపు ఉంది, గోడ మీద ఎండ అంతగా పడదు. అందులో 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తున చెక్క రీపర్లతో ఫ్రేమ్ కట్టించాను. వడ్రంగి అన్నకు రెండు రోజుల పని. రీపర్ల మధ్య రెండంగుళాల మందం థర్మోకోల్ షీట్లు బిగించాం. గోడలకు, పైకప్పుకు, కిందకు కూడా. కింద థర్మోకోల్ మీద తాడిపత్రి బండలు పరిచాం. రాత్రి చల్లబడ్డ బండ పగలు ఆ చల్లదనాన్ని పట్టుకుని ఉంటుంది. అదే పనికి 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఐదు నింపి ర్యాక్ కింద పెట్టాను.

మొదటి తప్పు అంటించడంలో జరిగింది. చెప్పులకు, రెక్సిన్‌కు వాడే రబ్బరు గమ్ ఒక డబ్బా ఇంట్లో ఉంటే అదే షీట్ మీద పూసేశాను. నిమిషం కూడా కాలేదు, పూసిన చోటల్లా చిటచిటమని చిన్న చప్పుడు. థర్మోకోల్ గుంటలు పడి, జిగురుగా కిందికి జారిపోయింది. వేలు పెడితే అవతలికి వచ్చేంత రంధ్రం! ఆ గమ్‌లో ఉండే ద్రావకం థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. మూడు షీట్లు పాడయ్యాయి. తర్వాత నీళ్లతో కలిపే తెల్ల ఫెవికాల్ వాడాం, అంచుల్లో ఫోమ్ స్ప్రే కొట్టి, కీళ్ల మీద సిల్వర్ టేప్ వేశాం. మీరెవరైనా కట్టుకుంటే ముందు ఒక ముక్క మీద గమ్ చుక్క వేసి పది నిమిషాలు చూడండి.

లోపలి గోడలకు పాత ఫ్లెక్సీలు తొడిగాను. మా ఊర్లో వాటికి కరువు లేదు. రంగుల బొమ్మ థర్మోకోల్ వైపు, తెల్ల వెనకభాగం మొక్కల వైపు. తెలుపు వెలుతురును బాగానే వెనక్కి కొడుతుంది, చెమ్మను థర్మోకోల్ దాకా పోనివ్వదు. తలుపు కూడా థర్మోకోల్ నింపిన ప్లైవుడ్డే, చుట్టూ రబ్బరు బీడింగ్. రాత్రి లోపల లైట్లు వేసి బయట చీకటి చేసి చూస్తే కీళ్ల దగ్గర సన్నటి వెలుగు గీతలు కనబడ్డాయి. వాటిని మూశాక ఊదుబత్తి వెలిగించి అంచుల వెంబడి తిప్పాను. తలుపు కింది మూలలో పొగ లోపలికి వంగింది. అక్కడ ఇంకో బీడింగ్ వేశాం.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. నిప్పు తగిలితే థర్మోకోల్ క్షణాల్లో అంటుకుంటుంది, ఫ్లెక్సీ కూడా కాలుతుంది. అందుకే వైరింగ్ నేను ముట్టుకోలేదు, ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాను. వైర్లన్నీ పైపుల్లో, ఎర్తింగ్‌తో, గది బయట విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్). లైట్లు ఇనుప ర్యాక్‌కు బిగించాం, థర్మోకోల్‌కు ఎక్కడా తగలవు.

కిటికీ బయట మా పాత కూలర్ పెట్టి, దాని గాలి గది కింది భాగంలోకి వచ్చేలా గొట్టం ఇచ్చాం. ఎదురు గోడకు పైన ఇంకో రంధ్రం. అక్కడి నుంచి వేడి గాలి స్టోర్ రూము వెంటిలేటర్ గుండా బయటికి పోతుంది. ఇంట్లో అందరం దాన్ని గవాక్షి అనే అంటాం. మా గాలిలో తేమ తక్కువ కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. బయట 28 ఉన్న రాత్రి కూలర్ నుంచి 22, 23 డిగ్రీల గాలి వచ్చింది. బోరు నీళ్లకు ప్యాడ్ల మీద తెల్లగా ఉప్పు కడుతుంది, పది రోజులకోసారి కడగాలి. రాత్రి 8కి లైట్లు, కూలర్ ఆన్. పొద్దున 6కి రెండూ ఆపేసి, రెండు రంధ్రాలకూ థర్మోకోల్ మూతలు బిగిస్తాను. మే నెలలో పొద్దున 23 ఉన్న గది సాయంత్రం నాలుగుకు 29 దాటలేదు. అదే సమయానికి స్టోర్ రూములో 36, 37. పగలు కరెంటు పోయినా లోపల తేడా ఏమీ ఉండదు.

ర్యాక్‌కు మూడు అరలు. ఒక్కోటి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. మొదట అరకు రెండేసి 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు పెడితే మొక్కలు వెలుతురు చాలక దారాల్లా సాగి పడిపోయాయి. నాలుగేసి చేసి, ఆకులకు జానెడు ఎత్తులోకి దించాక కుదుటపడ్డాయి. 12 ట్యూబులు పది గంటలు వెలిగితే 2.4 యూనిట్లు, కూలర్‌తో కలిపి రోజుకు సుమారు 4. గదికి మొత్తం 13 వేలు అయింది, కూలర్ ఖర్చు లేదు. కొత్తిమీర కొనుక్కునే ఖర్చుతో పోల్చి లాభం చూపించలేను. ఆకు మాత్రం నాకు కావలసినట్టు వస్తోంది.

ధనియాలను చెక్కతో నలిపి బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు కలిపిన ట్రేలలో చల్లాను. తొమ్మిదో రోజు మొలకలు. పన్నెండో రోజు ఒక ట్రేలో సగం మొలకలు మొదలు దగ్గర నల్లబడి వాలిపోయాయి. నారు కుళ్ళు. కూలర్ తేమ రాత్రంతా లోపలే నిలిచి, ఫ్లెక్సీ మీద నీటి చుక్కలు పేరుకున్నాయి. ఆ ట్రే తీసి పారేశాను. అప్పటి నుంచి పొద్దున మూసే ముందు అరగంట కూలర్ పంపు ఆపి ఉత్త ఫ్యాన్ తిప్పుతున్నాను, ర్యాక్ దగ్గర చిన్న టేబుల్ ఫ్యాన్ రాత్రంతా నడుస్తుంది. నీళ్లు పైన చల్లడం మానేసి ట్రే అడుగున పోస్తున్నాను. మళ్లీ ఆ తెగులు రాలేదు.

మే చివరి వారంలో మొదటి కోత. బయట వడగాలి. తలుపు తీయగానే పచ్చి వాసన మొహానికి కొట్టింది. అత్తమ్మ ఒక కాడ తుంచి, వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. "ఆకు మెత్తగా ఉంది, వాసన మాత్రం మనదే" అంది. ఎండ చూడని ఆకు కదా, మెత్తగానే ఉంటుంది. రోజుకు రెండు గుప్పెళ్లు వస్తోంది. అవి రసానికే. మిగతా కూరలకు ఇప్పటికీ మార్కెట్ కట్టే. వచ్చే వారం నుంచి కింది అరలో మెంతికూర వేస్తున్నాను.