తల్లుల మాట రూల్లోకి ఎక్కాలంటే

సంక్షేమ పథకాల మీద ఏ సభ పెట్టినా వేదిక మీద అధికారులు, నాయకులు, సంస్థల వాళ్లు కూర్చుంటారు. డబ్బు పడని తల్లి జిరాక్సు కాగితాలు పట్టుకుని వెనక వరసలో ఉంటుంది. మైకు ఇచ్చినా "నోట్ చేసుకున్నామమ్మా, సోమవారం అర్జీ ఇవ్వండి" అని కూర్చోబెడతారు. సోమవారం అర్జీ ఇస్తే ఆమె పని జరగొచ్చు కూడా. కానీ ఆమె పేరు కొట్టేసిన నిబంధన అలాగే ఉంటుంది, మరుసటి ఏడాది పక్క వీధి తల్లి దానికే చిక్కుతుంది. ఆ నిబంధనను మార్పించాలంటే పేదరికం పడ్డ తల్లిదండ్రులే మాట్లాడాలి, అదీ కాగితంతో మాట్లాడాలి.

నిబంధనలో చిన్న మాట మారితే ఇల్లు ఎంత మారుతుందో ఆంధ్రాలో అందరం చూశాం. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడిలో బడికెళ్లే పిల్లలు ఎందరున్నా లెక్క ఒక్కటే, తల్లికి 15,000. 2025 జూన్‌లో దాని స్థానంలో వచ్చిన తల్లికి వందనం డబ్బు వేసినప్పుడు పిల్లల తలల లెక్కన కట్టారు. ఒక్కొక్కరికి 15,000లో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు. ముగ్గురు పిల్లలున్న కూలి ఇంటికి ఇది చిన్న తేడా కాదు.

ఇప్పుడు పేర్లు ఎక్కడ ఆగుతున్నాయో చూద్దాం. గ్రామ, వార్డు సచివాలయంలో అందరి నోటా వినపడే మాట "సిక్స్ స్టెప్", అంటే అర్హత తేల్చే ఆరు పరీక్షలు. ఆదాయం, భూమి, కారు, కరెంటు, ప్రభుత్వ ఉద్యోగం లేదా ఆదాయపన్ను, పట్టణంలో అయితే ఇంటి స్థలం. పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 ఆదాయ పరిమితి. కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదు. కాగితం మీద ఇవన్నీ న్యాయంగానే కనపడతాయి. చిక్కంతా ఇల్లు అంటే ఏమిటన్న దగ్గర వస్తుంది. ఒకే మీటరు కింద అన్నదమ్ముల మూడు కాపురాలుంటే, ఒక్కో కాపురం 110 యూనిట్లు కాల్చినా బిల్లులో 330 కనపడుతుంది. మూడు పొయ్యిలు వేరు, మీటరు ఒక్కటే, ముగ్గురు తల్లుల పేర్లూ పోతాయి. అద్దె ఇంటి మీటరుకు ఆధార్ తప్పుగా కలిపినా ఇదే గతి. బ్యాంకు లోను కోసం ఎవరో చెప్తే ఐటీ రిటర్ను వేసినవాళ్లు, ఒక్క రూపాయి పన్ను కట్టకపోయినా పన్ను కట్టేవాళ్ల జాబితాలో తేలుతుంటారు. పెళ్లయి వేరుపడిన కొడుకు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారో చూపే సచివాలయం రికార్డులో, ఇంకా తండ్రి ఇంట్లోనే ఉంటాడు. తండ్రి ప్రభుత్వ ఉద్యోగి అయితే మనవడికి రావాల్సిన డబ్బు ఆగుతుంది.

అన్నీ నిబంధన తప్పులు కావు. డబ్బు ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) ఆధార్‌కు మ్యాప్ అయిన ఖాతాకే వెళ్తుంది, పాస్‌బుక్ ఇచ్చిన ఖాతాకు కాదు. ఆ ఖాతా మూతబడి ఉంటే అర్జీలతో పని లేదు, బ్యాంకుకెళ్లి మ్యాపింగ్ మార్పించుకోవాలి. ఇలాంటివి ముందే వేరు చేసుకోకపోతే పెద్దాఫీసులో మీ మొత్తం జాబితా తేలిపోతుంది. "ఇవన్నీ బ్యాంకు సమస్యలండీ" అని ఒక్క మాటతో పక్కన పెట్టేస్తారు.

అందుకని మొదటి పని, ఒక నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీయడం. పేరు, సచివాలయం చెప్పిన కారణం, అసలు పరిస్థితి, చేతిలో ఉన్న రుజువు. కారణం నోటిమాటగా తీసుకోవద్దు. స్క్రీన్ మీద ఉన్నదాన్ని ప్రింటు తీయించండి, లేదా అర్హుల, అనర్హుల జాబితా గోడకు అంటించినప్పుడు ఫోటో తీయండి. ఒకే కారణంతో పదిహేను ఇరవై ఇళ్లు కనపడ్డాయంటే అది ఇక ఒకరి సమస్య కాదు. అప్పుడు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మండలంలో ఏ కారణంతో ఎందరు అనర్హులయ్యారు, ఆ కారణానికి ఆధారమైన జీవో ఏది, ఈ రెండే అడగండి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, తెల్లకార్డు నకలు జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. "ఎందుకు అన్యాయం చేశారు" అని రాస్తే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు.

తర్వాత మాట్లాడటం. మూడు నిమిషాలకు మించి ఎవరూ వినరు, అది దృష్టిలో పెట్టుకుని సిద్ధం కావాలి. పైన చెప్పిన మీటరు విషయంలో ఒక తల్లి ఇలా చెప్పొచ్చు: "అయ్యా, మా ఇంటికి మీటరు ఒకటి, రేషన్ కార్డులు మూడు. ఇదిగో బిల్లు, ఇవిగో కార్డులు. మా వీధిలో ఇలాంటి ఇళ్లు పద్దెనిమిది, జాబితా ఇదిగో. మీటరుకు కాకుండా కార్డుకు లెక్క కట్టండి." ఇందులో ఏడుపు లేదు, దండం లేదు. చివర్లో అడిగింది ఒక్కటే, అదీ అధికారి ఫైలులో ఒక్క వాక్యంగా రాయగలిగింది. కష్టం మొత్తం చెప్పుకునే హక్కు ఆమెకుంది, కాదనం. కానీ కష్టం విన్నవాళ్లు జాలిపడి సాయం ఆమె ఒక్కదానికే చేసి పంపేస్తారు.

బడి భోజనంలో అయితే తూకమే సాక్ష్యం. ప్రాథమిక తరగతుల్లో ఒక్కో బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది వరకు 150, 30, 75, ఏడున్నర. అరవైమంది చిన్నపిల్లలున్న రోజు కిలో రెండొందల గ్రాముల పప్పు పడాలి. "చారు పలచగా ఉంది" అంటే వాదన, "ఏడొందల గ్రాములే పడింది" అంటే రికార్డు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు. కాబట్టి ఆ తూకం కమిటీ తీర్మానంలోకి ఎక్కించండి. నింద మాత్రం వంటమ్మ మీదికి పోనివ్వకండి. బిల్లులు ఆలస్యమైతే సరుకు అప్పు మీద తెచ్చేది ఆమే, ఆమె పిల్లలూ అదే బళ్లో తింటుంటారు. తీర్మానంలో బిల్లు ఎన్ని నెలలుగా రాలేదో కూడా రాయించండి.

మాట్లాడేవాళ్లను కాపాడుకోవడం సంస్థలు తేలిగ్గా తీసుకునే విషయం. మనకు చాలా బాధ కలిగించేదీ ఇదే. ఒక రోజు మీటింగు అంటే ఒక రోజు కూలి పోవడం. కూలి, బస్సు ఛార్జీ, చంకలో బిడ్డ ఉంటే చూసుకునే మనిషి, ఈ మూడూ పిలిచినవాళ్లే ఏర్పాటు చేయాలి, అదీ ముందుగానే. ఆమె చెప్పింది రాసుకున్నాక ఆమెకు చదివి వినిపించాలి. "ఇది తీసెయ్యండమ్మా" అంటే తీసెయ్యాలి. పిల్లల పేర్లు, ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు. ఉన్న పింఛను కూడా పోతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. అలాంటివాళ్లను ఒంటరిగా నిలబెట్టకుండా నలుగురైదుగురు కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టి వెళ్లాలి.

ఎక్కడ మాట్లాడాలన్నది కూడా ముఖ్యమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తాగి వచ్చిన మొగుళ్లతో వాదిస్తూ కూర్చోలేదు. ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. ఉద్యమం పాకాక జిల్లాల్లో సారా వేలంపాటలకే అడ్డం తిరిగారు. ప్రభుత్వానికి ఆదాయం వచ్చేది అక్కడ. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. కూలి డబ్బు ఇంటికి చేరడం లేదని తమ వంటింటి లెక్కతో తెలిసినవాళ్లు చేసిన పని అది. ఇప్పటి పథకాలకు ఆ చోటు సచివాలయం కాదు, అక్కడి ఉద్యోగి నిబంధన మార్చలేడు. ఆయనతో గొడవపడితే మీ రోజే పోతుంది. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి, తెలంగాణలో అయితే ప్రజావాణిలో. "పరిష్కరించాం" అని మూసేస్తే ఊరుకోకండి, పరిష్కారం కాలేదని రాసి మళ్లీ తెరిపించండి. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ ప్రజావేదికలు మన దగ్గర 2006లోనే మొదలయ్యాయి, అందరి ముందు రికార్డు చదివే అలవాటు మండలాలకు కొత్త కాదు. ఆహార భద్రత చట్టం 28వ సెక్షన్ కూడా రేషన్‌కు, మిగతా సంక్షేమ పథకాలకు సామాజిక తనిఖీ జరగాలంటుంది. అడగండి.

ఇక తేదీలు. రాష్ట్ర బడ్జెట్ ఫిబ్రవరి, మార్చిల్లో సభకు వస్తుంది, శాఖలు తమ అంచనాలు ఆర్థికశాఖకు అంతకు నెలల ముందే పంపేస్తాయి. డబ్బు పెరగాల్సిన కోరిక అయితే దసరా, దీపావళి మధ్యే శాఖ కమిషనర్‌కు, మీ ఎమ్మెల్యేకు చేరాలి. అర్హత నిబంధన మాత్రమే మారాలంటే బడ్జెట్ దాకా ఆగక్కర్లేదు, బళ్లు తెరిచే జూన్‌లోపు సవరణ జీవో వస్తే చాలు. కాబట్టి నోటుపుస్తకం లెక్క సంక్రాంతికల్లా పూర్తిచేసి, ఫిబ్రవరి మొదటి సోమవారానికి అర్జీ సిద్ధంగా పెట్టుకోండి.