బ్రేకింగ్ బ్యాడ్ సీరీస్‌లో ఈగ ఎపిసోడ్ మళ్ళీ చూశా
జెస్సీ నిచ్చెనెక్కి ఈగని కొట్టడానికి తంటాలు పడుతుంటాడు, కింద అతనితో కలిసి డ్రగ్స్ తయారుచేసే వాల్ట్ నిచ్చెన పట్టుకుని మత్తులో ఏదేదో మాట్లాడుతుంటాడు, జెస్సీ గర్ల్‌ఫ్రెండ్ జేన్ చనిపోతుంటే తను చూస్తూ ఊరుకున్న సంగతి నోటిదాకా వచ్చేసింది... నాకిక్కడ ఊపిరాడట్లేదు, పక్కన కూర్చున్న ఫ్రెండేమో స్కిప్ చెయ్ రా బాబూ అంటాడు!

బ్రేకింగ్ బ్యాడ్ 3వ సీజన్, 10వ ఎపిసోడ్, 'ఫ్లై'. 2010లో వచ్చింది. బడ్జెట్ తక్కువై దాదాపు అంతా వాళ్ళ డ్రగ్స్ ల్యాబ్‌లోనే లాగించేశారు, అందుకే కథ కదల్లేదని ఇప్పటికీ తిట్టేవాళ్ళున్నారు.

కదలకపోతే ఏమైందట? మిగతా ఎపిసోడ్లలో వాల్ట్ ఏం చేస్తాడో చూస్తాం, లోపల ఎంత కుమిలిపోతున్నాడో ఇందులోనే కనిపిస్తుంది. అదీ వాల్ట్ కాఫీలో జెస్సీ నిద్రమాత్రలు కలిపాడు కాబట్టి, లేకపోతే ఆ మనిషి సారీ అనే రకమా (చెప్పింది కూడా సగమే లెండి).

మొదట్లో కాస్త సాగదీశారు, అది మాత్రం నిజం.