తులం బరువు తూటా

"బావా, 165 కొననా, 180 కొననా?"

రాత్రి పదిన్నరకి ఫోన్. డెన్వర్ నుంచి మా బావమరిది. నేను బంగారం సంగతనుకున్నాను. "ఏంట్రా, గ్రాములా?" అంటే, "కాదు బావా, గ్రెయిన్లు. తూటా బరువు. ఎల్క్ అనే పెద్ద జింక వేటకి వెళ్తున్నా" అన్నాడు.

మా ఆవిడ పక్కనే ఉంది. నీచు గిన్నె కూడా ఇంట్లోకి రానివ్వని మనిషి. తమ్ముడి మాట విని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గుంటూరు లాలాపేటలో నలభై ఏళ్ళుగా బంగారం పని చేసుకునేవాణ్ణి. తుపాకీతో నా పరిచయమల్లా కాలేజీలో ఎన్‌సీసీ వాళ్ళు పేల్పించిన .22 రైఫిల్. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట దాదాపు లేనట్టే. కొలరాడోలో అలా కాదు. పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, నారింజ రంగు చొక్కా తొడుక్కుని వెళ్ళచ్చట. వాడికి గ్రీన్‌కార్డు ఉంది, ఆఫీసులో తోడు దొరికాడు.

అయితే గ్రెయిను నాకు కొత్త కాదు. మా నాన్న చెక్కపెట్టెలో పాతకాలపు తూనికరాళ్ళు ఉండేవి. తులం అంటే 180 గ్రెయిన్లు, 11.66 గ్రాములు. ఇప్పుడు కొట్లలో 10 గ్రాములకే తులం అంటున్నారు, అది వేరే గొడవ. "180 అంటే సరిగ్గా తులంరా" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి నుంచి మా ఇద్దరికీ ఇదే చర్చ.

మొదట క్యాలిబర్ తగాదా. క్యాలిబర్ అంటే తూటా మందమని తెలిశాక నాకు మా కమ్మచ్చు గుర్తొచ్చింది. తీగ లాగే ఉక్కుపలక అది, వరసగా చిల్లులుంటాయి, ఒకదాని కంటే ఒకటి సన్నం. రైఫిళ్ళలో 6.5 క్రీడ్‌మోర్ అనే రకం తూటా 6.7 మిల్లీమీటర్లు. .270 అయితే 7.04. .30 రకాలన్నీ 7.82. లెక్కేసి చూశాను, ఇంతమంది ఇన్నేళ్ళుగా కొట్టుకుంటున్నది ఒక్క మిల్లీమీటరు కోసం! నిజానికి తేడా తూటా వెనకున్న తుపాకీమందులో ఉంది. .308, .30-06, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ మూడింటికీ ఒకే మందం తూటా వెళ్తుంది, తూటా వెనకున్న ఇత్తడి గొట్టంలో మందు ఎక్కువైన కొద్దీ వేగం పెరుగుతుంది. దాంతోపాటు భుజం మీద తన్నుడూ పెరుగుతుంది.

ఆ తన్నుడు దగ్గరే మావాడు దెబ్బతిన్నాడు. కొట్టువాడు "ఎల్క్ అంటే మామూలు రైఫిల్ చాలదు" అని .300 మాగ్నమ్ అంటగట్టాడు. మూడు వందల కిలోలు తూగే మృగం, మన నల్లమల కణుజుకి అన్నలాంటిది, భయపెట్టడం తేలికే. వారం తిరిగేసరికి వాట్సాప్‌లో నల్లగా కమిలిన భుజం ఫొటో. "మూడో తూటాకే కళ్ళు మూసేస్తున్నా బావా" అన్నాడు. సుత్తి పడే క్షణాన రెప్ప వేసేవాడి చేతికి మా నాన్న బంగారం ఇచ్చేవాడు కాదు. అదే చెప్పాను. నష్టానికి అమ్మేసి .30-06 కొన్నాడు. థర్టీ ఆట్ సిక్స్ అంటారు, 1906 నాటిది. నూట ఇరవై ఏళ్ళ నుంచి పనిచేస్తున్నదాన్ని కాదనడానికి నాకైతే కారణం కనబడలేదు.

కొలరాడో నిబంధన కూడా క్యాలిబర్‌ని పెద్దగా పట్టించుకోదు. .24 అంగుళానికి తగ్గకూడదు, ఎల్క్‌కి తూటా 85 గ్రెయిన్లకు తగ్గకూడదు, వంద గజాల దగ్గర వెయ్యి ఫుట్‌పౌండ్ల దెబ్బ ఉండాలి. ఇంకో షరతు ఉంది, తూటా తగలగానే విచ్చుకోవాలి. నాకు ఆసక్తి పుట్టింది అక్కడే.

యుద్ధంలో విచ్చుకునే తూటా వాడకూడదని 1899లో హేగ్‌లో ఒప్పందం రాసుకున్నారు. ఆ రకానికి పేరే మన కలకత్తా పక్కనున్న దమ్‌దమ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. మనిషి మీద వాడకూడనిదాన్ని జంతువు మీద తప్పకుండా వాడాలట. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ కారణం ఉంది. విచ్చుకోని తూటా సన్నటి కంత చేసుకుని అవతలికి పోతుంది, జంతువు మైళ్ళు పరిగెత్తి ఏ పొదలోనో రోజంతా కొట్టుకుని చస్తుంది. మరీ తొందరగా విచ్చుకుంటే భుజం ఎముక మీదే చితికిపోతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు మన అన్నం కంచమంత. అక్కడికి చేరేదాకా తూటా నిలవాలి.

తూటా అంటే సీసం ముద్దకి రాగి తొడుగు. సీసం, రాగి అంటే ఇక నాకు చెప్పాలా. సీసం గోరుతో గీస్తే గీత పడుతుంది, అది చెదరకుండా పట్టి ఉంచడమే అసలు పనితనం. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలో మూస్ (ఎల్క్ కంటే పెద్ద జింక) వేటకి వెళ్తే తూటాలు లోపలికి దిగలేదట. ఇంటికొచ్చి తూటా నడుముకి రాగితోనే అడ్డగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెక్కుచెదరదు. దాన్నే పార్టిషన్ అంటారు. సీసాన్ని తొడుక్కి అతికించేసే బాండెడ్ రకం ఇంకోటి, మేం టంకం పెట్టినట్టన్నమాట. మొత్తం రాగితోనే చేసినవీ ఉన్నాయి. నేను పార్టిషన్‌కి ఓటేశాను, తులం బరువుది. అంత శ్రద్ధగా గోడ కట్టినవాడి మీద నాకు నమ్మకం కుదిరింది, అంతే.

అక్టోబర్‌లో వెళ్ళాడు. ఆడ ఎల్క్‌కి పర్మిట్ వచ్చింది. 190 గజాలు, సంచి మీద రైఫిల్ ఆనించి ఒక్కటే తూటా. నలభై అడుగులు నడిచి పడిపోయిందట. మాంసం మోసుకొచ్చేసరికి పొద్దుగూకింది. కోసేటప్పుడు తూటా అవతలి పక్క చర్మం కింద దొరికింది. కడిగి, కాఫీపొడి తూచుకునే కాటా మీద పెట్టి ఫొటో పంపాడు. ముందు వైపు రేకులు విచ్చి వెనక్కి ముడుచుకున్నాయి, అడుగు సగం కొత్తదానిలా గుండ్రంగా ఉంది. 7.6 గ్రాములు. అంటే 117 గ్రెయిన్లు. తులం పెడితే కాసు కూడా తిరిగి రాలేదు, మూడో వంతు పైగా తరుగు! నేను నగకి ఇంత తరుగు వేస్తే కొట్టు ముందు పంచాయితీ పెడతారు. ఈ రకానికి ఇది మామూలేనట.

మరి తరిగిన సీసం ఎక్కడికి పోయింది? మాంసంలోకే కదా. వాడికి ఆ ఆలోచన రాలేదు. రెండు మూడు రోజులు ఫోన్ చేయలేదు.

మా ఆవిడ ఒక్కటే అడిగింది. "సెప్టెంబర్‌లో కట్టుకుంటాయని నువ్వే చెప్పావుగా. చూడిదేమో చూశాడా?" ఆ ప్రశ్న నేను వాడికి చేరవేయలేదు.

ఆ ముక్కని సంక్రాంతికి తెస్తానన్నాడు. ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటే పండగ లాకప్‌లోనే అని వద్దన్నాను. ఈ ఏడాదికి రాగి తూటాలు కొన్నాడు, 165వి. సీసం కంటే రాగి తేలిక, అదే బరువుకి తూటా పొడుగవుతుంది కాబట్టి కాస్త తగ్గించమన్నాను. దొరికితే ముందు తూచి, తర్వాత ఫోన్ చెయ్యమన్నాను.